ఉయ్యాల ఎక్కిన గూఢచారి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవు రోజున మీరంతా కలిసి జేమ్స్ బాండ్ అనే గూఢచారి సినిమాల వరసలో 25వదైన 'నో టైమ్ టు డై' చూశారని మీ అమ్మ చెప్పింది. అంతలో చిన్నవాడు ఫోన్ లాక్కుని, "తాతయ్యా, బాండ్ చచ్చిపోయాడు కదా, మరి పేర్లన్నీ అయిపోయాక 'జేమ్స్ బాండ్ మళ్ళీ వస్తాడు' అని ఎందుకు వేశారు?" అని అడిగాడు. ఆ పూట నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. పేర్లు పడుతుండగా లేచిపోకుండా చివరి అక్షరం దాకా కూర్చున్నందుకు మాత్రం వాణ్ణి మెచ్చుకున్నాను. వాడు అడిగినదాని వెనక ఇంకో పెద్ద ప్రశ్న ఉంది కనుక, నిదానంగా ఆలోచించుకుని ఇప్పుడు రాస్తున్నాను. 1962లో మొదటి సినిమా 'డాక్టర్ నో' వచ్చింది మొదలు 2021లో మీరు చూసిన సినిమా వచ్చేదాకా, ఆ మనిషి ఏం చేస్తాడో, చివరికి ఎలా గెలుస్తాడో జనానికి ఇంచుమించు ముందే తెలుసు. తెలిసిన కథ కోసం మూడు తరాలవాళ్ళు మళ్ళీ మళ్ళీ హాలుకు ఎందుకు వెళ్ళారు?

ఇందుకు పెద్ద సిద్ధాంతాలేవీ అక్కర్లేదు. ఉయ్యాలను తలుచుకోండి. ఉయ్యాల ఎక్కినవాడు ఎక్కడికీ వెళ్ళడు, ఎక్కినచోటే దిగుతాడు. అయినా దిగమంటే దిగడు, ఇంకొక్కసారి అంటాడు. పైకి లేచేటప్పుడు కడుపులో ఏదో జారినట్టవుతుంది గాని, రెండు చేతుల్లోనూ తాళ్ళు ఉన్నాయి కనుక ఆ భయం హాయిగా ఉంటుంది.

బాండ్ సినిమాకు కూడా తాళ్ళు ఉన్నాయి. తెల్లని గుండ్రటి కన్నంలోంచి ఒక మనిషి నడుచుకుంటూ వచ్చి, చటుక్కున మనవైపు తిరిగి తుపాకి పేలుస్తాడు. మాంటీ నార్మన్ కట్టి, జాన్ బ్యారీ తీర్చిదిద్దిన ఆ గిటారు బాణీ మోగుతుంది. పేరు అడిగితే ముందు ఇంటిపేరు చెప్పి, ఒక్క క్షణం ఆగి, తర్వాత పూర్తి పేరు చెబుతాడు. సామాను అప్పజెబుతూ జాగ్రత్తగా వెనక్కి తెమ్మని విసుక్కునే 'క్యూ' అనే పెద్దాయన ఉంటాడు. ఆ వేషాన్ని డెస్మండ్ లెవెలిన్ ఒక్కడే 1963 నుంచి 1999 దాకా 17 సినిమాల్లో వేశాడు. ఇవన్నీ చేతికి తగలగానే చూసేవాడు ధైర్యంగా కూర్చుంటాడు, ఇక ఎంత ఎత్తుకు ఊపినా ఫరవాలేదు అనుకుంటాడు.

ఇక కూర్చునే పీట, అంటే బాండ్ వేషం వేసే నటుడి సంగతి. అది అరిగిపోతుంది, మార్చాలి. షాన్ కానరీ, జార్జ్ లేజెన్‌బీ, రోజర్ మూర్, తిమోతీ డాల్టన్, పియర్స్ బ్రాస్నన్, డేనియల్ క్రెయిగ్ అని ఇప్పటికి ఆరు పీటలు మారాయి. లేజెన్‌బీ ఒక్క సినిమాకే దిగిపోయాడు, మూర్ ఏడు సినిమాల దాకా ఉన్నాడు. కొమ్మ మాత్రం చాలాకాలం ఒక్కటే. ఆల్బర్ట్ బ్రాకొలీ, హ్యారీ సాల్జ్‌మన్ కలిసి మొదలుపెట్టిన ఈ సినిమాలు తీసే పనిని తర్వాత బ్రాకొలీ కూతురు బార్బరా, సవతి కొడుకు మైఖేల్ విల్సన్ నడిపారు. 2025లో ఆ పెత్తనం అమెజాన్ ఎం.జి.ఎం. అనే సినిమా కంపెనీ చేతికి వచ్చింది. కొత్త కొమ్మ ఎంత బరువు మోస్తుందో మీరే చూస్తారు.

కనుక చిన్నవాడికి నా జవాబు ఇది. నువ్వు చూసిన చావు ఆరో పీట చావు, నాయనా. 2006లో మొదలై అయిదు సినిమాలుగా సాగిన క్రెయిగ్ కథ అక్కడ ముగిసింది, దానికి నువ్వు ఏడిస్తే అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. తాళ్ళు మాత్రం అలాగే వేలాడుతున్నాయి. 'మళ్ళీ వస్తాడు' అని రాసింది ఆ తాళ్ళ గురించే.

ఆ మాట కొత్తదేమీ కాదు. 1963లో వచ్చిన రెండో సినిమా చివరనే 'ఇది ముగింపు, కాని పూర్తిగా ముగింపు కాదు' అనే అర్థం వచ్చేలా వేసి, రాబోయే సినిమా పేరు కూడా చెప్పారు. ఒకసారి చెప్పిన మాట తప్పారు కూడా. 1977 సినిమా చివర 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ'లో వస్తాడని వేశారు గాని, అప్పుడు అంతరిక్షం సినిమాలకు జనం విరగబడుతుండటంతో, దాన్ని పక్కనపెట్టి 1979లో 'మూన్‌రేకర్'తో వచ్చారు. మొదట మాటిచ్చిన సినిమా 1981లో గాని రాలేదు. సినిమా పేరు మారినా, మనిషి రావడం మాత్రం ఆగలేదు. 1989 తర్వాత కోర్టు తగాదాలతో ఉయ్యాల ఆరేళ్ళు ఊరికే వేలాడింది, 1995లో మళ్ళీ ఊగింది.

అయితే తాళ్ళు ఉంటే చాలదు, ఊపేవాడు కావాలి. నా చిన్నతనంలో చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాల ఎక్కితే మా అన్నయ్య వెనక నిలబడి ఊపేవాడు. అతని ముఖం నాకు కనబడేది కాదు, వెనక్కి వచ్చిన ప్రతిసారీ వీపుకు రెండు అరచేతులు తగిలేవి, అంతే. ఎదురుగా నిలబడి చూసే పిల్లలు నన్ను చూసి "అబ్బ, ఎంత ఎత్తుకు పోయాడో" అనేవాళ్ళు. ఆ మెప్పంతా నాదేననుకుని పొంగిపోయేవాణ్ణి. అన్నయ్య చేతులు బొబ్బలెక్కాయని ఒకనాటి సాయంత్రం మా అమ్మ నూనె రాస్తుంటే చూశాను. ఆ తర్వాత నేనే ముందుగా దిగి, "నువ్వెక్కు అన్నయ్యా" అనడం నేర్చుకున్నాను. మనల్ని ఎత్తుకు పంపినవాళ్ళు సాధారణంగా మన వెనకే ఉంటారు, ఒకసారి తిరిగి చూడటం మంచి అలవాటు.

బాండ్‌ను ఊపింది డూపులు. తెల్లని కన్నంలోంచి నడిచి వచ్చే మనిషి అన్నాను కదా, 1962లో మొట్టమొదటిసారి అలా నడిచింది కానరీ కాదు, బాబ్ సిమన్స్ అనే స్టంట్‌మన్. సినిమా మొదట్లో పేర్లు పడే భాగాన్ని తయారుచేసిన మారిస్ బైండర్ ఆ షాట్‌ను నిజం తుపాకి గొట్టంలోంచే తీశాడు. అంటే లోకమంతా బాండ్ అనుకుని చూసిన మొదటి మనిషి ఒక డూపు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు అన్నయ్య అరచేతులు గుర్తొచ్చాయి.

పన్నెండేళ్ళ వయసులో మా అన్నయ్యతోనే ఆ 1977 సినిమా, 'ద స్పై హూ లవ్డ్ మీ' చూశాను. పాట రాకముందే శత్రువులు తరుముతుంటే బాండ్ మంచు మీద జారుతూ పారిపోతాడు. ఎదురుగా కొండ అంచు వస్తుంది, ఆగడు. అంచు దాటి గాలిలోకి వెళ్ళగానే సంగీతం ఆగిపోతుంది. పడుతూ ఉంటాడు, ఇంకా పడుతూనే ఉంటాడు, కాళ్ళకున్న పలకలు ఊడిపోతాయి, గాలి చప్పుడు తప్ప ఏమీ వినబడదు. హాలులో మాలో చాలామందికి ఇంగ్లీషు ముక్క రాదు. అంతవరకూ గోలగోలగా ఉన్న హాలు ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. అప్పుడు పారాచ్యూట్ విచ్చుకుంది, దానిమీద బ్రిటిష్ జెండా, వెంటనే ఆ పాత బాణీ. తాడు చేతికి తగిలింది. జనం లేచి నిలబడి ఈలలు వేశారు, నా భుజం మీద అన్నయ్య చెయ్యి బిగిసి ఉంది.

ఉయ్యాల బాగా పైకి వెళ్ళి, వెనక్కి రావాలా వద్దా అన్నట్టు ఒక్క క్షణం ఆగుతుందే, ఆ క్షణాన్ని వాళ్ళు అలా సాగదీశారు. అలా దూకింది రోజర్ మూర్ కాదు, రిక్ సిల్వెస్టర్ అనే ఆయన. కథలో అవి ఆల్ప్స్ కొండలు. నిజంగా దూకింది 1976లో, కెనడా ఉత్తరాన బాఫిన్ దీవిలో ఉన్న ఆస్గార్డ్ పర్వతం మీది నుంచి. వాతావరణం అనుకూలించేదాకా కాచుకుని కూర్చుని, ఎన్నో కెమెరాలు పెడితే, పనికొచ్చేలా పట్టింది ఒక్క కెమెరాయే.

ఆ నిశ్శబ్దం విలువ తెలియాలంటే, అంతకు మూడేళ్ళ ముందు, 1974లో, 'ద మ్యాన్ విత్ ద గోల్డెన్ గన్'లో జరిగింది చూడాలి. థాయ్‌లాండ్‌లో విరిగిన వంతెన మీది నుంచి ఒక కారు కాలువ దాటుతూ గాలిలో పక్కకు పూర్తిగా ఒక పొర్లు పొర్లి, నాలుగు చక్రాల మీద నిలబడింది. అమెరికాలోని కార్నెల్ ప్రయోగశాలలో కంప్యూటరుతో లెక్కలు కట్టి, బరువు రెండువైపులా సమానంగా ఉండాలని స్టీరింగును కారు మధ్యకు జరిపి, నడిపేవాణ్ణి నడిమధ్య కూర్చోబెట్టారు. ఒకే టేకులో అయిపోయింది. అంత గొప్ప పని చేసి, కారు తిరుగుతుండగా వెనక జారే ఈల చప్పుడు పెట్టారు! నవ్వుకోసం పెట్టిన ఆ ఈల ఆ క్షణాన్ని చంపేసింది. ఉయ్యాల శిఖరాన ఉన్నప్పుడు ఎవరో పకపకా నవ్వినట్టుంటుంది. జాన్ బ్యారీ కూడా తర్వాత ఆ ఈల గురించి విచారించాడు.

తర్వాతివాళ్ళు ఇంకా ఎత్తుకు ఊపారు. 1995లో 'గోల్డెన్ ఐ' కోసం వేన్ మైఖేల్స్ స్విట్జర్లాండ్‌లోని 220 మీటర్ల ఆనకట్ట మీది నుంచి తాడు కట్టుకుని దూకాడు. 2006లో 'కసీనో రాయల్' కోసం ఆడమ్ కర్లీ నడిపిన కారు ఏడు పొర్లు పొర్లి గిన్నిస్ రికార్డు కొట్టింది. కారు మరీ కుదురుగా ఉండి పల్టీ కొట్టనంటే, కింద గాలి ఫిరంగి అమర్చి పొర్లించారు. అదే సినిమాలో 'క్యూ' లేడు, ఆ బాణీని కూడా ఆఖర్న బాండ్ తన పేరు చెప్పేదాకా పూర్తిగా వినిపించలేదు. తాళ్ళను కొంతసేపు దాచి, చేతులు వెతుక్కునేలా చేసి, అప్పుడు అందించారన్నమాట. నా మట్టుకు ఈ వరసలో అంతకంటే తెలివైన పని లేదు.

ఇంతకుమించి నేను వివరించలేను. పడతాడని భయం, పడడని నమ్మకం, రెండూ ఒకే గుండెలో ఒకేసారి ఎలా ఉంటాయో నాకు ఈ వయసులోనూ ఆశ్చర్యమే. అందుకని మీకో పని చెబుతాను. వచ్చే సెలవుల్లో ఆ 1977 సినిమా మొదటి పది నిమిషాలు చూడండి. అంచు దాటాక ఎవరూ మాట్లాడకండి. పారాచ్యూట్ విచ్చుకునేటప్పుడు జెండాను చూడకండి, దాని అంచును చూడండి. ఆయన కాళ్ళ నుంచి ఊడిన మంచుపలక ఒకటి కిందికి పడుతూ వచ్చి, సరిగ్గా విచ్చుకుంటున్న ఆ గుడ్డకు తగులుతుంది. అది ఎవరూ లెక్కకట్టింది కాదు, అక్కడ తాడు నిజంగానే తెగబోయింది. ఎవరికి ముందు కనబడిందో నాకు రాయండి.

మీ
తాతయ్య