పాయింట్ 21 అంటే ఎన్ని సీసీ?

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో నైట్రో బగ్గీ అనే బుల్లి రేసు కారు కొనుక్కొచ్చాడు. మూరెడు పొడవు ఉంటుంది. రిమోట్‌తో నడుస్తుంది, కానీ బ్యాటరీ మోటారు కాదు, లోపల నిజమైన ఇంజిన్. దాన్ని తీసుకుని హన్మకొండలో మా వీధి చివర ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లాం. పాత టూ స్ట్రోక్ బండ్లంటే ఆయనకు ప్రాణం. ఇంజిన్ మీది అంకె చదివి, "ఇరవయ్యొక్క సీసీనా సార్?" అన్నాడు.

"ముందు పాయింట్ ఉంది చూడన్నా" అన్నాడు మావాడు.

"అంటే సీసీల అయిదో వంతా? గంత దానికి ఇదెట్ల ఉరుకుతది?"

రెండూ కాదు. .21 అనేది అసలు సీసీ లెక్క కాదు, ఘనపు అంగుళాల లెక్క. మోడల్ విమానాల ఇంజిన్లను అమెరికాలో అంగుళాల్లోనే కొలిచేవారు. ఆ అలవాటు నేల మీద తిరిగే బండ్లకూ వచ్చింది. ఒక ఘనపు అంగుళం అంటే 16.39 సీసీ. దాంతో గుణిస్తే .12 ఇంజిన్ సుమారు 2 సీసీ, .15 అయితే 2.5, .18 అయితే 3, .21 అయితే 3.5, .28 అయితే 4.6 సీసీ. పిల్లల దగ్గు మందు సీసా మూత తీసి చూడండి, 2.5 మిల్లీలీటర్ల గీత కనిపిస్తుంది. ఆ గీత దాకా పట్టేదే .15 ఇంజిన్. మా బగ్గీ ఇంజిన్‌లో మూతెడు మందు కూడా పట్టదు.

కొన్ని కంపెనీలు నేరుగా సీసీలోనే రాస్తాయి, అక్కడే తికమక. ట్రాక్సస్ వాళ్ల 3.3 ఇంజిన్ అంటే .20 అన్నమాట. 2.5కీ .25కీ మధ్య చుక్క జరిగినంతే తేడా. కానీ మొదటిది రెండున్నర సీసీ, రెండోది నాలుగు దాటుతుంది. పాత సామాను కొనేవాళ్లు చుక్క ఎక్కడుందో చూసుకోవాలి.

మెకానిక్ ప్లగ్గు విప్పి, ఫ్లైవీల్‌ను బొటనవేలితో తిప్పాడు. సగం దాకా జారినట్టు తిరిగింది. పిస్టన్ పైకొచ్చేసరికి పట్టేసింది. ఇంకొంచెం బలం పెడితే 'టిక్' మని దాటింది. మళ్లీ తిప్పితే మళ్లీ అంతే. "సీజ్ అయింది సార్. ఎమరీ పేపర్ కొడితే ఫ్రీ అయితది" అన్నాడు. మావాడు ఇంజిన్ లాగేసుకున్నంత పని చేశాడు.

ఆ బిగువు జబ్బు కాదు, ఆరోగ్యం. ఈ పిస్టన్‌కు రింగులుండవు. పిస్టన్ అల్యూమినియం, అది పైకీ కిందికీ తిరిగే గొట్టం, అంటే స్లీవ్, ఇత్తడి, లోపల క్రోమ్ పూత. స్లీవ్ లోపలి వెడల్పును పైభాగంలో వెంట్రుకవాసి ఇరుకుగా చేస్తారు. ఇంజిన్ నడిచేటప్పుడు మంట మండేది పైనే కాబట్టి అక్కడే వేడెక్కువ, వ్యాకోచమూ ఎక్కువే. అప్పుడు పిస్టన్‌కు కావలసినంత చోటు ఏర్పడుతుంది. చల్లగా ఉన్నప్పుడు పైన పట్టేయకుండా వదులుగా తిరిగిందంటేనే అరిగిపోయిందని లెక్క. ఎమరీ పేపర్ కొట్టి ఉంటే ఇంజిన్ పని ఆ రోజే అయిపోయేది.

ఇంతకీ 3.5 సీసీతో ఎలా ఉరుకుతుంది? మెకానిక్‌కు తెలిసిన బండితోనే పోల్చాను. ఆర్ఎక్స్ 100లో 98 సీసీ, 11 హార్స్‌పవర్. ఒక్కో సీసీకి 0.11. మంచి .21 రేసు ఇంజిన్‌కు రెండు హార్స్‌పవర్‌కు పైనే అని తయారీదారులు చెబుతారు. రెండే అనుకున్నా సీసీకి 0.57, అంటే అయిదు రెట్లు. ఎక్కడి నుంచి వచ్చింది?

ఎక్కువ భాగం వేగం నుంచి. ఆర్ఎక్స్ గరిష్ఠ శక్తి నిమిషానికి 7,500 చుట్ల దగ్గర. ఇది 30,000 దాటుతుంది. టూ స్ట్రోక్ కాబట్టి ప్రతి చుట్టుకీ ఒకసారి మండుతుంది, అంటే సెకనుకు 500 సార్లు. వినడానికి భయంగా ఉంటుంది కానీ, పిస్టన్ ఎంత దూరం కదులుతోందో చూడండి. ఆర్ఎక్స్ స్ట్రోక్ 50 మిల్లీమీటర్లు, దీనిది 16.8. ఆర్ఎక్స్ పిస్టన్ సగటు వేగం సెకనుకు 12.5 మీటర్లు, ఈ బుల్లి పిస్టన్‌ది 16.8. చుట్లు నాలుగు రెట్లు, పిస్టన్ పరుగు మాత్రం మూడో వంతే ఎక్కువ. పైగా పిస్టన్ బరువు కొన్ని గ్రాములే కాబట్టి పైకీ కిందికీ విసిరినా దాన్ని పట్టి ఉంచే కడ్డీ విరగదు. చిన్న ఇంజిన్‌కు చిన్నతనమే బలం.

మిగతాది ఇంధనం. ఇందులో పెట్రోలు పోయరు. మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన మిశ్రమం. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. మిథనాల్‌కు 6.4 చాలు. నైట్రోమీథేన్‌కు 1.7, ఎందుకంటే ఆక్సిజన్ కొంత దాని అణువులోనే ఉంది. అదే గుక్కెడు గాలితో ఎక్కువ ఇంధనం మండించవచ్చు. స్పార్క్ కూడా అక్కర్లేదు. ప్లగ్గులోని ప్లాటినం తీగ మిథనాల్ తగిలితే తనంతట తానే ఎర్రగా నిలుస్తుంది, మొదట మాత్రం బ్యాటరీతో వేడి చేయాలి. మిథనాల్ చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్లే విషం, చూపు పోగొట్టగలదు. మావాడికి గ్లవ్స్ లేకుండా సీసా ముట్టొద్దని చెప్పాను. వింటాడో లేదో.

ఇక తరగతుల సంగతి. అసలు కారులో పదో వంతున్న రేసు కార్లకు .12, ఎనిమిదో వంతు బగ్గీలకు .21 అని రేసుల్లో స్థిరపడింది. ఈ జత ఊరికే కుదరలేదేమో అనిపిస్తుంది నాకు. పదో వంతు నుంచి ఎనిమిదో వంతుకు వెళ్తే పొడవు పావు వంతే పెరుగుతుంది, ఘనపరిమాణం దాదాపు రెట్టింపవుతుంది. ఇంజిన్ కూడా 1.75 రెట్లు పెరిగింది. .28 లాంటివి పెద్ద చక్రాల మాన్‌స్టర్ ట్రక్కులకు, బరువు లాగడానికి.

మావాడి కళ్లు ఆ .28 మీదే ఉన్నాయి. .21కి వచ్చే పెద్ద బాడీలోనే .28 కూడా వస్తుంది, కాబట్టి చాలాసార్లు అదే చోట కూర్చుంటుంది. .12, .15, .18లది చిన్న బాడీ, వేరే కుటుంబం. కానీ కూర్చున్నంత మాత్రాన సరిపోదు. క్లచ్చు, గేర్లు, ఇరుసులు ఆ దెబ్బ తట్టుకోవాలి. రేసులో దింపితే తరగతిలోంచి తీసేస్తారు కూడా.

పైగా అంకె చెప్పేది కొలతే. మానెడు బియ్యమూ మానెడే, మానెడు ఊకా మానెడే. ఒకే .21ని బగ్గీ కోసం చేస్తే తక్కువ చుట్లలో లాగేలా పోర్టులు, అంటే స్లీవ్‌లో గాలీ పొగా వెళ్లే దారులు, కోస్తారు, రోడ్డు కారు కోసమైతే ఎక్కువ చుట్లలో ఉరికేలా. రెండింటి మీదా అదే అంకె ఉంటుంది.

మన ఎండల్లో ఇంకో తిరకాసు. డిసెంబర్ పొద్దున 15 డిగ్రీలు, మే మధ్యాహ్నం 43 డిగ్రీలు అనుకుందాం. అదే 3.5 సీసీలో మేలో పట్టే గాలి బరువు తొమ్మిది శాతం తక్కువ. ఇంధనం ఎక్కువై పొగ కక్కుతుంది. కార్బురేటర్ సూదిని కొద్దిగా బిగించాలి. కొద్దిగానే, మరీ బిగిస్తే నూనె కూడా తగ్గి ఇంజిన్ కాలిపోతుంది.

సాయంత్రం గ్రౌండ్‌లో రెండు ట్యాంకులు తిప్పి తెచ్చాం. వేడిగా ఉన్న ఇంజిన్‌ను పిస్టన్ పైన ఉండగా వదిలేస్తే, చల్లారాక స్లీవ్ దాన్ని బిగించి పట్టేస్తుంది. కిందికి దించి పెట్టాలి, కానీ బయటికి కనిపించదు కదా. మెకానిక్ కాసేపు ఆలోచించి, ప్లగ్గు విప్పి, సన్నటి పుల్లతో పిస్టన్ ఎక్కడుందో చూసుకుంటూ ఫ్లైవీల్ తిప్పాడు. పిస్టన్ పూర్తిగా కిందికి వచ్చిన చోట ఫ్లైవీల్ పై అంచు మీద తెల్ల పెయింట్‌తో చుక్క పెట్టాడు. "బండి ఆపినంక ఈ చుక్క పైకి పెట్టుకో బిడ్డా" అన్నాడు.