మాన్సూన్ ఎక్కడి మాట? కొన్ని అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ చెప్తాను. వానలు మొదలయ్యే రోజుల్లో బోర్డు మీద రాసే మొదటి మాట మాన్సూన్.

అపోహ: ఇది అచ్చమైన ఇంగ్లిష్ మాట.

ఒకసారి ఓ అబ్బాయి దీన్ని ‘మూన్’, ‘సూన్’ అని రెండు ముక్కలు చేసి, చందమామ తొందరగా మబ్బుల్లోకి పోతాడు కాబట్టి ఆ పేరొచ్చిందని రాశాడు. ఊహకు మార్కులేశాను, చరిత్రకు వేయలేదు. మూలం అరబ్బీ ‘మౌసిమ్’. దాని ధాతువుకు గుర్తు వేయడమని అర్థం. ఎవరి ఒంటె ఎవరిదో తెలియడానికి కాల్చి వేసే గుర్తు ‘వస్మ్’ కూడా ఆ ధాతువు పిల్లే. ఏడాదిలో గుర్తుపెట్టుకోవాల్సిన కాలం మౌసిమ్: హజ్‌కు ఒకటి, ఓడ ప్రయాణానికి ఒకటి. అరేబియా సముద్రం మీద గాలి ఏ నెలలో ఎటు తిరుగుతుందో చూసుకునే నావికులు తెరచాప ఎత్తేవారు. 1498లో వాస్కోడగామా కాలికట్ చేరాక ఈ దారుల్లో తిరిగిన పోర్చుగీసువాళ్ల నోట అది ‘మోన్సావ్’ అయింది. 16వ శతాబ్దం చివరికల్లా ఇంగ్లిష్‌లోకి దిగింది.

అపోహ: మన మౌసమ్ మాన్సూన్ నుంచే పుట్టింది.

చుట్టరికం నిజమే, వరస తప్పు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మీద టార్పాలిన్ లాగుతూ హమాలీ ‘మౌసమ్ ఖరాబైంది’ అంటాడే, ఆ మాట పారసీ, ఉర్దూల మీదుగా మనదాకా వచ్చింది. మాన్సూన్ పోర్చుగీసు ఓడెక్కి చుట్టు తిరిగొచ్చిన తోబుట్టువు.

అపోహ: మాన్సూన్ అంటే వాన.

ముందు కాలం, తర్వాత గాలి, ఆ తర్వాతే వాన. మన ‘ఋతుపవనాలు’ ఇంగ్లిష్ మాటకన్నా నిక్కచ్చి.

అపోహ: పుట్టినప్పటి అర్థమే అసలు అర్థం.

ఈ గోతిలో ఎక్కువగా పడేది మాలాంటి పంతుళ్లమే. ‘ఈసారి మాన్సూన్ సక్కగ పడలే’ అన్న రైతును దిద్దబోతే నవ్వుతాడు. ఖరీఫ్‌నే చూడండి. అరబ్బీలో అది శరత్కాలం. మృగశిర కార్తెలో పత్తి గింజ పెట్టే పంటకు ఆ పేరెందుకు? పేరు విత్తే కాలాన్ని కాదు, పంట చేతికొచ్చే కాలాన్ని బట్టి. తెలంగాణ వచ్చాక ప్రభుత్వ కాగితాల్లో ఖరీఫ్ ‘వానకాలం’, రబీ ‘యాసంగి’ అయ్యాయి. మా నాయన మొదటినుంచీ ఆ రెండే అనేవాడు. ఖరీఫ్ అన్న మాటను ఆయన చూసింది పంట లోను కాగితం మీదనే.