సారు పిలిస్తే గొంతెందుకు ఆరిపోతుంది?

వడ్ల కొనుగోళ్ల కాలంలో హనుమకొండ కలెక్టరేట్‌లో సమీక్ష. మండలం నుంచి వచ్చిన వ్యవసాయ విస్తరణ అధికారికి (ఏఈఓ) ప్రతి సెంటరు లెక్కా నోటికొచ్చు. తేమ 17 శాతం దాటి ఎన్ని కుప్పలు ఆగాయో కూడా తెలుసు. కానీ "మీ దగ్గర ఎన్ని లారీలు కదిలినయ్?" అని అడగ్గానే నాలుక పిడచకట్టుకుపోతుంది.

తెలియక కాదు, తెలిసింది ఆ క్షణంలో అందక. మెదడులోని అమిగ్డలా ప్రమాదమని హెచ్చరించిన కొద్ది సెకన్లలోనే అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, లాలాజలం తగ్గుతుంది, వేళ్లు చల్లబడతాయి. అంకెల్ని గుర్తుంచుకొని వరుసలో పెట్టే మెదడు ముందుభాగం మందగిస్తుంది.

జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1993లో ఒక పరీక్ష ప్రకటించారు. ముఖంలో ఏ భావమూ చూపని న్యాయనిర్ణేతల ముందు 5 నిమిషాలు మాట్లాడాలి, తర్వాత మరో 5 నిమిషాలు 1022 నుంచి 13 చొప్పున తీసేస్తూ పోవాలి. తప్పితే మళ్లీ మొదటికే. ప్రయోగశాలలో మనుషులకు ఒత్తిడి కలిగించి చూసిన 208 అధ్యయనాలను 2004లో కలిపి చూస్తే, ఎదుటివారు మనల్ని తూకం వేస్తుండటం, ఫలితం మన చేతిలో లేకపోవడం అనే రెండూ కలిసినప్పుడే ఒత్తిడి హార్మోను కార్టిజాల్ అన్నిటికన్నా ఎక్కువగా పెరిగింది. తూకం వేయడం అధికారి పని, దాన్ని ఆపలేం. రెండోదాన్ని మాత్రం చాలావరకు మన చేతిలోకి తెచ్చుకోవచ్చు.

అందుకే "ధైర్యంగా ఉండు" అనే సలహా కన్నా ఒక కాగితం మేలు. అడిగే అవకాశమున్న నాలుగైదు అంకెలు పెద్ద అక్షరాలతో రాసి, ప్యాడ్‌కు పెట్టుకోవాలి. విడి కాగితం చేతి వణుకును పెద్దది చేసి చూపిస్తుంది. మొదటి వాక్యాన్ని ముందురోజు రాత్రి పైకి పది సార్లు అనాలి: "సార్, తొమ్మిది సెంటర్లలో కాంటా అయిపోయింది, లారీలు రాక రెండు చోట్ల బస్తాలు ఆగినయ్." మనసులో చదువుకుంటే సరిపోదు, నోరు తిరగాలి. నలుగురు చూస్తుంటే బాగా అలవాటైన పని మెరుగవుతుందనీ, కొత్త పని చెడుతుందనీ మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1965లోనే వివరించాడు. చెడ్డవార్తను మొదటి వాక్యంలోనే చెప్పేస్తే, ఎప్పుడు బయటపడుతుందోనన్న దిగులు అక్కడే తీరుతుంది.

తెలియని లెక్క అడిగితే భయంలో ఏదో అంకె చెప్పేయడం అన్నిటికన్నా చేటు. మరుసటి సమావేశానికి ఆ అంకే మన మెడకు చుట్టుకుంటుంది. "ఆ లెక్క ఇప్పుడు నా దగ్గర లేదు సార్, నాలుగు గంటలలోపు పంపిస్త" అనాలి, పంపాలి.

వరండాలో పిలుపు కోసం ఎదురుచూస్తున్నప్పుడు ముక్కుతో 4 లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, 6 లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలాలి. అలా మూడు నిమిషాలు. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నరం గుండెను నెమ్మదింపజేస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడి గబగబా పెద్ద పెద్ద ఊపిర్లు తీస్తారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, భయం రెట్టింపవుతుంది. ముందు ఇంట్లో అలవాటు చేసుకోవాలి.

పక్కవాణ్ని పంపి తప్పించుకుంటే ఆ పూటకు హాయిగానే ఉంటుంది. ఆ హాయే వచ్చేసారి భయాన్ని పెంచుతుంది. ముందు సూపరింటెండెంట్‌ను ఒక చిన్న సందేహం అడగండి, తర్వాతి వారం పైఅధికారిని. గుండెదడ కాస్త తగ్గేదాకా ఆ గదిలోనే ఉండటం ముఖ్యం.

సారు రోజూ బూతులు తిడుతుంటే మాత్రం లోపం మీ నరాల్లో లేదు. తేదీలతో సహా రాసి పెట్టుకొని ఫిర్యాదు చేయాల్సిన విషయమది. భయంతో నిద్ర, తిండి దెబ్బతింటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. గుండెదడ తగ్గించే ప్రొప్రనలాల్ మాత్రను ఎవరో చెప్పారని మెడికల్ షాపులో కొని వేసుకోకండి. ఉబ్బసం ఉన్నవారికి అది ప్రాణం మీదికి తెస్తుంది.