బొద్దు పిల్లలు, విటమిన్ రిపోర్టులు: అపోహలు – వాస్తవాలు

విజయవాడ, గుంటూరుల్లో పిల్లలకు విటమిన్ పరీక్ష చేయించడం ఇప్పుడు మామూలైపోయింది. రిపోర్టులో డి విటమిన్ తక్కువని కనబడగానే సాచెట్లు కొనేసి, అసలు బరువు సంగతి పక్కన పెట్టేస్తున్నారు. బరువెక్కిన పిల్లల్లో ఆ అంకెను చదివే పద్ధతే వేరు.

అపోహ: వీడు బాగా తింటాడండీ, విటమిన్ లోపం ఎందుకొస్తుంది?

ఎంత తింటున్నాడన్నది కాదు, ఏం తింటున్నాడన్నది చూడాలి. పొద్దున నెయ్యి ఇడ్లీ, సాయంత్రం ట్యూషన్ దగ్గర పునుగులో మిరపకాయ బజ్జీయో, రాత్రి పాలలో రెండు చెంచాల తీపి పౌడరు. కేలరీలు నిండుగా అందుతాయి. డి, బీ12, ఇనుము మాత్రం అంతంతమాత్రమే. ఏడాది దాటిన పిల్లలకు రోజుకు 600 యూనిట్ల డి విటమిన్ కావాలి. ఒక గుడ్డు పచ్చసొనలో దొరికేది 40 యూనిట్ల దగ్గర. నీలం రంగు ప్లస్ ఎఫ్ గుర్తున్న ఫోర్టిఫైడ్ (విటమిన్లు కలిపిన) పాలు లీటరుకు 200 నుంచి 300 యూనిట్లు ఇస్తాయి, అంటే పావు లీటరు గ్లాసుకు 50–75. లెక్క వేసుకుంటే తిండితోనే పూడ్చడం కుదరదని తెలిసిపోతుంది.

దీనికి తోడు డి కొవ్వులో కరిగే విటమిన్. ఒంట్లో కొవ్వు ఎక్కువైతే విటమిన్ అందులోకి సర్దుకుపోయి రక్తంలో తక్కువ కనిపిస్తుంది. 2000లో పెద్దల మీద జరిగిన ఒక పరిశోధనలో అందరికీ ఒకే మోతాదు అతినీలలోహిత కిరణాలు తగిలించినా, ఊబకాయం ఉన్నవాళ్ల రక్తంలో డి3 పెరుగుదల మిగతావాళ్ల కంటే సగానికి పైగా తక్కువగా వచ్చింది.

అపోహ: పొద్దున్నే లేత ఎండలో నిలబెడితే చాలు.

ఏడు గంటల ఎండలో చర్మం డి విటమిన్ తయారు చేసుకునే యూవీబీ కిరణాలు దాదాపు ఉండవు. గుర్తు చాలా సులువు: పిల్లాడి నీడ వాడి ఎత్తు కంటే పొట్టిగా ఉండాలి. మన దగ్గర మే నెలలో తొమ్మిదికే నీడ అలా కురచవుతుంది. డిసెంబరులో అయితే ఇంచుమించు పదకొండు నుంచి ఒకటిన్నర దాకానే. కాబట్టి రోహిణీ కార్తెలో మధ్యాహ్నం నిలబెట్టి వడదెబ్బ తెచ్చుకోనక్కర్లేదు. వేసవిలో తొమ్మిది దాటాక, చలికాలంలో పదకొండు దాటాక, చేతులు కాళ్లు కప్పకుండా అరగంటలోపు ఆడనిస్తే సరి. కిటికీ అద్దం వెనకాల కూర్చుంటే లాభం లేదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది. తెల్లారి మొదలై రాత్రి దాకా స్టడీ అవర్లు నడిచే రెసిడెన్షియల్ హాస్టళ్లలో ఈ ఎండ ఎప్పుడు తగులుతుందో యాజమాన్యాలే చెప్పాలి.

అపోహ: డి విటమిన్ ఇస్తే బరువు తగ్గుతుంది, షుగర్ రాదు.

లోపం ఉంటే ఎముకల కోసం తప్పక ఇవ్వాలి. కానీ దాంతో బరువు తగ్గుతుందని ప్రయోగాలు చూపలేదు. ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్ ఉన్నా ఒళ్లు దానికి సరిగా స్పందించకపోవడం) మీద వచ్చిన ఫలితాలు అటూ ఇటూగా ఉన్నాయి. పిల్లాడు బరువు తగ్గితే రక్తంలో డి కొంత పెరుగుతుంది గానీ, డి పెరిగిందని బరువు తగ్గదు.

చాలా ల్యాబులు 30 కంటే తక్కువ వస్తే తక్కువని అచ్చేస్తాయి. భారతీయ పిల్లల వైద్యుల అకాడమీ లెక్కలో మిల్లీలీటరుకు 12 నానోగ్రాముల లోపు ఉంటే లోపం, 12–20 చాలీచాలనిది, 20 దాటితే సరిపోయినట్టే. 22 వచ్చిన పిల్లాడికి హడావుడిగా సాచెట్లు మొదలుపెట్టనక్కర్లేదు.

అసలు ప్రమాదం మోతాదు దగ్గర. 60,000 యూనిట్ల సాచెట్ సాధారణంగా వారానికి ఒకటి, అదీ డాక్టరు రాసిన వారాల పాటే. దాన్ని రోజూ ఇస్తే వారం తిరిగేసరికి 4,20,000 యూనిట్లు పడతాయి. చుక్కల మందులో మిల్లీలీటరుకు 400 ఉన్నవీ 800 ఉన్నవీ దొరుకుతాయి. సీసా మారినప్పుడు అంకె చూడకపోతే మోతాదు రెట్టింపవుతుంది. పైగా ఒక టానిక్, ఒక కాల్షియం సిరప్, ఒక సాచెట్ మూడింట్లోనూ డి ఉండొచ్చు. వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం కనబడితే డి మితిమీరిందేమో అనుకుని అన్నీ ఆపి కాల్షియం పరీక్ష చేయించండి. ఊబకాయం ఉన్న పిల్లలకు మామూలు మోతాదుకు రెండు మూడింతలు అవసరం పడుతుందన్నది నిజమే. అందుకే అది డాక్టరు లెక్క కట్టి రాయాల్సిన మందు, షాపులో అడిగి తెచ్చుకునేది కాదు. పాలతోనో భోజనం తర్వాతో ఇస్తే బాగా ఒంటికి పడుతుంది. మళ్లీ పరీక్ష మూడు నెలలకు, అంతకు ముందు డబ్బు దండగ.

అపోహ: విటమిన్ టానిక్ ఏదైనా మంచిదే.

సీసా వెనక చూడండి. సైప్రోహెప్టాడిన్ అని ఉంటే అది ఆకలి పెంచే మందు. బరువు తగ్గాల్సిన పిల్లాడికి ఇచ్చేది కాదు. ఫ్యాటీ లివర్‌కని విటమిన్ ఇ కాప్సూల్స్ సొంతంగా వాడటమూ అంతే: 8–17 ఏళ్ల పిల్లల మీద జరిగి 2011లో వెలువడిన ప్రయోగంలో, కాలేయ ఎంజైమును తగ్గించి నిలబెట్టడంలో అది ఉత్తుత్తి మాత్రను మించలేదు.

అపోహ: రిపోర్టులో అన్నీ నార్మల్ వచ్చాయి, ఇక భయం లేదు.

కాలేయ పరీక్ష ఎస్‌జీపీటీకి ల్యాబు కాగితం మీద పై హద్దు చాలాసార్లు 40 పైనే ఉంటుంది. అది పెద్దలది. మగపిల్లలకు 26, ఆడపిల్లలకు 22 దాటితే చాలు, ఆలోచించాలి. 38 వచ్చిన పన్నెండేళ్ల పిల్లాడి కాగితం మీద నార్మల్ అనే ఉంటుంది, లోపల కాలేయానికి కొవ్వు పట్టి ఉండొచ్చు.

ఇనుము విటమిన్ కాదు గానీ, దాని సంగతీ ఇలాంటిదే. ఊబకాయంతో ఒంట్లో ఉండే సన్నపాటి వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్‌ను పెంచి, ఇనుము లోపాన్ని కప్పేస్తుంది. ఆ వాపును చూపే సీఆర్‌పీ, రక్తంలో ఇనుము ఎంత తిరుగుతోందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా కలిపి చదవాలి. ఇనుము లోపం ఉన్నప్పుడు మూడు నెలల షుగర్ పరీక్ష హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. అనుమానం వస్తే పరగడుపు షుగర్ చూడండి. 100 నుంచి 125 మధ్య ఉంటే షుగర్ ముందు దశ.

బీ12 తక్కువగా ఉన్న పిల్లలు మన దేశంలో తక్కువేం కాదు: 2016–18 జాతీయ పోషకాహార సర్వేలో 10–19 ఏళ్లవాళ్లలో 31 శాతానికి లోపం ఉంది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు వాడే పిల్లలైతే ఏడాదికోసారైనా చూపించుకోవాలి, శాకాహారులు మరీను. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపించినా, బీ12 లోపంతో నరాలకు జరిగే నష్టం ఆగదు.

అపోహ: మెడ మీద నలుపు మురికి.

సున్నిపిండితో ఎంత రుద్దినా పోదు. మెడ వెనక, చంకల్లో మఖమల్ గుడ్డలా మందంగా నల్లబడితే అది ఇన్సులిన్ నిరోధకతకు గుర్తు. ఇంట్లోనే టేపు తీసి బొడ్డు దగ్గర నడుము కొలవండి. అది ఎత్తులో సగం దాటితే, అంటే 140 సెంటీమీటర్ల పిల్లాడికి 70 దాటితే, పరగడుపు షుగర్, లిపిడ్ ప్రొఫైల్, ఎస్‌జీపీటీ, బీపీ చూపించాల్సిందే. క్రీములతో తోలు కాస్త రంగు మారుతుందేమో గానీ, బరువు, ఇన్సులిన్ దిగితేనే ఆ నలుపు నెలల మీద తేలికవుతుంది.