వంటింటి డ్యాన్సులు ఆగిపోయిన 1935: ఐరిష్ సంగీతంలో ‘అసలు’ గొడవ ఎక్కడ మొదలైంది

మార్చి 17 సెయింట్ పాట్రిక్స్ డే దగ్గర పడితే చాలు, ఐరిష్ పాటల లిస్టులు బయటికి వస్తాయి, వాటి వెనకాలే గొడవ కూడా. ‘డానీ బాయ్’ మాటలు రాసింది ఇంగ్లీషు లాయరు కదా, ‘డర్టీ ఓల్డ్ టౌన్’ అసలు ఇంగ్లాండ్‌లోని సాల్‌ఫర్డ్ గురించి కదా, బుజూకీ గ్రీకు వాయిద్యం కదా, వీటిని ట్రెడిషనల్ అని ఎలా అంటారు అని ఒకరు, నీకేం తెలుసు అని ఇంకొకరు. ఈసారీ అదే నడుస్తోంది. హార్ప్ వాయించే అంధ కళాకారుల కథ, పాతకాలపు హార్ప్ కళాకారుడు ఓ’కరోలన్ కథ ఎక్కడ చూసినా ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోవట్లేదు. నా లెక్కలో ఈ గొడవకి అసలు మూలం 1935లో ఐర్లండ్ ప్రభుత్వం తెచ్చిన పబ్లిక్ డ్యాన్స్ హాల్స్ యాక్ట్. దాని గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ముందు ఆ చట్టం దేన్ని దెబ్బకొట్టిందో చూడాలి. క్లేర్, గాల్వే, కెర్రీ లాంటి పడమటి జిల్లాల్లో రాత్రిపూట డ్యాన్స్ అంటే ఎవరో ఒకరి వంటింట్లోనే. బల్లలు, కుర్చీలు గోడకి నెట్టేసి, రాతి పలకల నేల మీద నాలుగు జంటలు ఎదురెదురుగా నిలబడి ‘సెట్’ ఆడేవాళ్ళు, పొయ్యి పక్కన ఒక ఫిడేలు, ఉంటే ఒక కాన్సర్టీనా (చేతుల్లో పట్టుకుని నొక్కే చిన్న అకార్డియన్ లాంటిది), అంతే. మైకు లేదు, స్టేజీ లేదు. బూట్ల చప్పుడు గట్టిగా మోగాలని కొన్ని ఇళ్ళల్లో నేల పలకల కింద గుర్రం పుర్రె పాతిపెట్టేవాళ్ళని జానపద సేకరణల్లో నమోదై ఉంది, అంటే నేలని కూడా వాయిద్యంలాగే చూశారన్నమాట. అమెరికా వెళ్ళిపోయే కుర్రాడికి వీడ్కోలు అయినా, కష్టంలో ఉన్న ఇంటికి నాలుగు డబ్బులు పోగు చేయడమైనా ఇదే పద్ధతి. పిల్లలు మూలన కూర్చుని వింటూ వింటూ నేర్చేసుకునేవాళ్ళు. నోట్స్ లేవు, మేష్టారు లేడు.

1935 చట్టం ఏమంది అంటే, పబ్లిక్‌కి తెరిచి ఉన్న డ్యాన్స్ ఎక్కడ జరగాలన్నా జిల్లా కోర్టు నుంచి లైసెన్సు ఉండాలి అంది. ఇళ్ళల్లో ఆడకూడదు అని అందులో ఎక్కడా సూటిగా రాయలేదు. కానీ పది మంది ఊరివాళ్ళు వచ్చి, తలా కాస్త డబ్బు వేసే వంటింటి డ్యాన్స్ పబ్లిక్కా ప్రైవేటా అన్నది ఎవరు తేల్చాలి? ఊళ్ళో ఫాదర్, స్టేషన్లో పోలీసు, వీళ్ళే తేల్చారు. చాలా చోట్ల ఫాదర్లు ఇళ్ళకే వచ్చి ఆపించారు, ఇంటాయన్ని కోర్టుకి ఎక్కించిన కేసులూ ఉన్నాయి. ఇక ఎవరు తలుపు తీస్తారు?

చట్టం కావాలన్నవాళ్ళ వాదన కూడా ఉంది. లైసెన్సు లేని హాళ్ళు ఎక్కడపడితే అక్కడ లేచాయి, అమ్మాయిల భద్రత గురించి భయాలున్నాయి, 1931లో ప్రభుత్వం వేసిన క్యారిగన్ కమిటీ రిపోర్టు కూడా ఈ హాళ్ళ సంగతి ఎత్తింది. సరే. కానీ చట్టానికి ముందు ఏడాదే, 1934 జనవరి 1న లీట్రిమ్ జిల్లా మోహిల్‌లో ఫాదర్ పీటర్ కాన్‌ఫ్రీ నడిపించిన ఊరేగింపులో వేలమంది ‘జాజ్ డౌన్ డౌన్’ అంటూ నడిచారు, ఐరిష్ భాష కోసం పనిచేసే గేలిక్ లీగ్ కూడా ఆ ఉద్యమంలో ఉంది. అప్పట్లో జాజ్ అంటే అమెరికా జాజ్ ఒక్కటే కాదు, వాళ్ళకి నచ్చని ప్రతి కొత్త డ్యాన్సూ జాజే.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఈ ‘పరాయిది’ అనే ముద్ర వేసే పని గేలిక్ లీగ్ అప్పటికే నలభై ఏళ్ళుగా చేస్తోంది. 1893లో పెట్టిన ఈ సంస్థ ఐరిష్ భాషకి చేసిన మేలు చాలా పెద్దది, అందులో అనుమానం లేదు. డ్యాన్సు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, పల్లెల్లో తరాలుగా ఆడుతున్న సెట్లు ఫ్రెంచి క్వాడ్రిల్ డ్యాన్సు నుంచి వచ్చాయి కాబట్టి అవి ఐరిష్ కాదు అని పక్కన పెట్టేసింది. వాటి బదులు ‘కేలీ’ డ్యాన్సులు పెట్టింది. ఆ పేరుతో మొట్టమొదటి డ్యాన్సు సభ జరిగింది 1897లో, అదీ లండన్‌లో, అక్కడి స్కాట్లాండ్ వాళ్ళ సభలు చూసి! పల్లె జనం కాళ్ళలో ఉన్నది పరాయిదైపోయింది, లండన్‌లో కూర్చుని తయారు చేసింది స్వదేశీ అయిపోయింది. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

చట్టం వచ్చాక డ్యాన్సు వంటింట్లోంచి హాల్లోకి పోయింది, చాలా ఊళ్ళల్లో ఆ హాలు చర్చిదే. హాలు పెద్దది, వందల కాళ్ళ చప్పుడు, ఒక్క ఫిడేలు ఎవరికి వినిపిస్తుంది? అందుకే ఫిడేళ్ళు, ఫ్లూట్లు, అకార్డియన్లు కలిపి, వెనక పియానో, డ్రమ్ములు పెట్టి కేలీ బ్యాండ్లు పెరిగాయి. క్లేర్‌లో కిల్ఫెనోరా బ్యాండు 1909 నుంచే ఉంది, టల్లా బ్యాండు 1946లో వచ్చింది, ఈ రెండిటి మధ్య పోటీలకి జనం ఎగబడేవాళ్ళు. నాకు ఈ బ్యాండ్లంటే ఇష్టం. కానీ క్లేర్ ఫిడేలు కళాకారుడు జూనియర్ క్రెహన్ లాంటి వాళ్ళు తర్వాత రోజుల్లో చెప్పింది కూడా మర్చిపోకూడదు, ఆ ఇళ్ళే తమకి బడులని, చట్టం ఆ బడుల్ని మూసేసిందని ఆయన బాధ. హాల్లో వాయించేవాడు స్టేజీ మీద, ఆడేవాడు కింద. మూలన కూర్చుని నేర్చుకునే పిల్లాడికి చోటు లేదు.

పైగా పల్లెలు ఖాళీ అవుతున్న రోజులు. యుద్ధం తర్వాత కూలి పనులకి లండన్ వెళ్ళినవాళ్ళు క్యామ్‌డెన్ టౌన్, కెంటిష్ టౌన్ పబ్బుల్లో కూర్చుని వాయించుకున్నారు, ఎందుకంటే అద్దె గదుల్లో వంటిల్లు అనేదే సరిగ్గా లేదు. ఇవాళ టూరిస్టులు వెయ్యేళ్ళ ఆచారం అనుకునే పబ్ ‘సెషన్’ రూపం తీసుకుంది ఎక్కువగా అక్కడే. 1951లో మలింగర్‌లో పుట్టిన ఐరిష్ సంగీత సంస్థ కోల్టస్ పెట్టే ‘ఫ్లా’ సంగీత ఉత్సవాలతో అది ఐర్లండ్‌లో కూడా ఊరూరా పాకింది.

ఇప్పుడు షాన్ ఓ రియాడా. వెస్టర్న్ క్లాసికల్ చదువుకున్న కంపోజర్, 1959లో ‘మిషె ఏరె’ సినిమా సంగీతంతో దేశాన్నే కదిలించాడు. 1962లో రేడియోలో ఐరిష్ సంగీత వారసత్వం మీద ఒక సిరీస్ చేశాడు, అందులో కేలీ బ్యాండ్ల మోతని బోర్లించిన జామ్ సీసాలో ఈగ రొదతో పోల్చాడు. ఐరిష్ సంగీతం ప్రాణం ఒక్కడి వాయింపులో ఉంది, ప్రతిసారీ గమకాలు మార్చి మార్చి వాయించడంలో ఉంది, అందరూ ఒకేసారి ఒకే మెలొడీ దంచితే అది పోతుంది అన్నది ఆయన మాట. సంగీతపరంగా ఆ మాటలో బలం ఉంది. కానీ ఆ బ్యాండ్లు అలా ఎందుకు తయారయ్యాయో, ఎవరు వాళ్ళని ఆ హాళ్ళల్లోకి తోశారో చెప్పకుండా వాళ్ళనే తప్పు పడితే ఎలా?

ఆయన కట్టిన బృందం క్యోల్‌తోరీ కూలన్‌ని కూడా దగ్గరగా చూద్దాం. ఆయన స్వయంగా వాయించింది హార్ప్సికార్డ్, పియానో లాంటి యూరప్ రాజదర్బారుల వాయిద్యం, పాత తీగల హార్ప్ శబ్దానికి దగ్గరగా ఉంటుందని. ఎక్కువగా డిసెంబర్ 26న రెన్ అనే పిట్ట పేరుతో జరిగే ఊరేగింపుల్లో మోగే బౌరాన్ డప్పుని కచేరీ స్టేజీ ఎక్కించింది ఆయనే. అకార్డియన్ అంటే ఆయనకి పడదు, కానీ బృందంలో అకార్డియన్లు ఉన్నాయి. జనం కూర్చుని వినే కచేరీ, సూట్లు వేసుకున్న కళాకారులు, ఇదంతా పూర్తిగా కొత్తది, అద్భుతంగా కూడా ఉంది. దాన్ని ట్రెడిషనల్ కాదని ఇవాళ ఎవరూ అనరు. ఆ బృందంలోంచి వచ్చిన పాడీ మలోనీ 1962లో మొదలుపెట్టిన చీఫ్‌టన్స్ ద్వారానే ప్రపంచం చాలావరకు ఐరిష్ సంగీతం విన్నది.

నన్ను ఒక్క రికార్డింగ్ చెప్పమంటే జో కూలీది చెప్తాను. గాల్వే జిల్లా పీటర్స్‌వెల్‌లో పుట్టిన అకార్డియన్ కళాకారుడు, టల్లా కేలీ బ్యాండ్‌లో వాయించాడు, ఏళ్ళ తరబడి అమెరికాలో ఉండి జబ్బుతో ఇంటికొచ్చాడు. 1972 నవంబరులో సొంత ఊరి పబ్బులో వాయించింది రికార్డు చేశారు, మరుసటి ఏడాది చనిపోయాడు. వింటుంటే జనం కేకలు, కాళ్ళ చప్పుడు అన్నీ వినిపిస్తాయి. పక్కన బ్యాంజో, బౌరాన్ మీద సోదరుడు జాక్. అకార్డియన్ జర్మనీ, ఆస్ట్రియా వైపు నుంచి వచ్చింది, బ్యాంజో అమెరికాలో ఆఫ్రికన్ బానిసల చేతుల్లో పుట్టింది, బౌరాన్ సెషన్లలోకి వచ్చి అప్పటికి పదేళ్ళు దాటిందేమో. వాయించిన రీల్ అనే డ్యాన్స్ ట్యూన్ స్కాట్లాండ్‌ది. అయినా ఆ రికార్డుని ఇది ఐరిష్ కాదు అనే మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు. ఫిడేలు మనది కాదని ద్వారం వారి కచేరీలోంచి ఎవరైనా లేచి వెళ్ళిపోయారా?

అందుకే ఇవాళ్టి లిస్టుల గొడవలో పోగ్స్ పేరు రాగానే మొహం చిట్లించేవాళ్ళతో నాకు పేచీ. 1982లో లండన్‌లో పుట్టిన బ్యాండు, పంక్ అరుపులు, తాగుడు ఇమేజీ, ఐర్లండ్‌ని అవమానిస్తున్నారని అప్పట్లో ట్రెడిషనల్ కళాకారులే కొందరు మండిపడ్డారు. వాళ్ళ బాధ కొంత అర్థమవుతుంది, ఇంగ్లాండ్‌లో ఐరిష్ వాళ్ళని తాగుబోతులుగా చూపించే జోకులు అప్పుడు చాలా ఎక్కువ. కానీ ఆ బ్యాండు గాయకుడు షేన్ మెక్‌గోవన్ పుట్టింది ఇంగ్లాండ్‌లో అయినా చిన్నతనం కొంత టిపరేరీలో తల్లి తరఫు వాళ్ళ ఇంట్లో గడిచింది, ఆ ఇంట్లో పాటలు, డ్యాన్సులు నడిచేవి, పాట అక్కడే వంటబట్టిందని ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. అంటే 1935 చట్టం తలుపులు మూయించిన ఇళ్ళలాంటి ఇంట్లోంచే వచ్చాడు. 2023 డిసెంబరు 8న నీనా చర్చిలో ఆయన అంత్యక్రియల రోజు పాత బ్యాండు వాళ్ళు వాయిస్తుంటే కుటుంబం వాళ్ళు లేచి డ్యాన్స్ చేశారు.

ఆ చట్టం సంగతికొస్తే, తర్వాత ప్రభుత్వాలు చాలా మారాయి, సెట్ డ్యాన్సులు 1980ల్లో మళ్ళీ ఊపందుకున్నాయి, ఐరిష్ బ్యాగ్‌పైప్ అయిన ఇలిన్ పైప్స్ 2017లో యునెస్కో జాబితాకి ఎక్కాయి, అయినా అది మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. రద్దు చేద్దామని 2022లో మద్యం అమ్మకాల బిల్లు ముసాయిదాలో ప్రతిపాదన పెట్టారు.