మూలుగ ఇస్తే నడుం పడిపోదు

"అక్కా, వెన్నుపూసల నుంచి తీస్తరట గదా?"

మొన్న హన్మకొండ జేఎన్ఎస్ గ్రౌండ్‌లో స్వాబ్ క్యాంపులో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అప్లాస్టిక్ అనీమియాతో, అంటే మూలుగలో రక్తం సరిగా తయారుకాని జబ్బుతో, మంచం పట్టిన ఒక కబడ్డీ పిల్లగాడికి మూలుగ కలిసే దాతను వెతకడానికి దోస్తులు పెట్టిన క్యాంపు అది. బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి కవర్లో వేయడమే పని. క్యూలో మొహాలు చూస్తే మాత్రం ఆపరేషన్‌కు వచ్చినట్టున్నాయి.

దాతల కౌన్సెలర్‌గా ఈ భయం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. మూలుగ అనగానే మనకు దావత్‌లో మూలుగ బొక్క గుర్తొస్తుంది. దానికితోడు ఇంటికో వదిన: "సిజేరియన్‌ల వెన్నుకు సూది ఇచ్చిన కాడికెల్లి నడుం గుంజుతనే ఉంది." రెండూ కలిశాయి, పుకారు తయారైంది.

వెన్నుపూస జోలికి ఎవరూ పోరు. ఇప్పుడు ఎక్కువగా చేతి నరం నుంచే తీస్తున్నారు. నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇస్తే మూలుగలో రక్తాన్ని పుట్టించే మూలకణాలు రక్తంలోకి వస్తాయి. తర్వాత ప్లేట్‌లెట్లు ఇచ్చినట్టే: రక్తం మెషీన్‌లోకి వెళ్తుంది, కణాలు వేరవుతాయి, మిగతాది మళ్లీ ఒంట్లోకే వస్తుంది. నాలుగైదు గంటలు పడుతుంది. మూలుగే కావాలంటే మత్తిచ్చి తుంటి ఎముక వెనక నుంచి తీస్తారు. కొన్ని వారాల్లో అది మళ్లీ ఊరుతుంది. నొప్పే ఉండదని చెప్పను. ఇంజెక్షన్ల రోజుల్లో జ్వరం వచ్చినట్టు ఒళ్లు, బొక్కలు నొస్తాయి. కబడ్డీ వాళ్లకు ఇంకో మాట: ఆ ఇంజెక్షన్లకు ప్లీహం (కడుపులో ఎడమ పక్కన ఉండే అవయవం) కాస్త ఉబ్బుతుంది కాబట్టి డాక్టర్ సరేననేదాకా కూతకు పోవద్దు, పట్టుకూ పోవద్దు.

ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, స్వాబ్ ఇవ్వనివాళ్లతో అంత నష్టం లేదు. ఇచ్చి, మ్యాచ్ అయి, సరేనని, చివర్లో తప్పుకునేవాళ్లతోనే ప్రాణం మీదికొస్తుంది. మూలుగ మార్పిడికి ముందు కీమో ఇచ్చి రోగి మూలుగను ఖాళీ చేస్తారు. అప్పుడు దాత రాకపోతే వెనక్కి పోయే దారి ఉండదు.

జగిత్యాల వైపు ఒకబ్బాయి అట్లనే ఫోన్ చేశాడు. "మేడం, మా అవ్వ అన్నం ముడ్తలేదు." అదృష్టం, అక్కడ కీమో ఇంకా మొదలుకాలేదు. బస్సెక్కి పోయి గద్దె మీద అవ్వ పక్కన కూర్చున్నా. మాటలతో పని కాలేదు. లేచి వెనక్కి తిరిగి నా తుంటి చూపించా. అవ్వ వేలితో పొడిచి చూసింది. "గీడనా?" "గీడనే అవ్వా." "మరి నడుమంటిరి?" అని మనవడిని తిట్టింది. వాడు ఇచ్చాడు, వారంలో పనికి పోయాడు.

మిగతావి గబగబా చెప్తా. "ఓ నెగటివ్ బోన్ మారో కావాలి" అని వాట్సాప్‌లో తిప్పడం ఆపండి. కలవాల్సింది హెచ్‌ఎల్‌ఏ, అంటే అమ్మానాన్నల నుంచి వచ్చే కణాల గుర్తులు, బ్లడ్ గ్రూప్ కాదు. మార్పిడయ్యాక రోగి గ్రూపు దాత గ్రూపుగా మారుతుంది కూడా. ఇంట్లోవాళ్లు రక్తం ఇస్తామని ఎగబడొద్దు. మార్పిడి అవసరమయ్యే రోగికి దగ్గరి చుట్టాల రక్తం ఎక్కిస్తే, తర్వాత వాళ్ల మూలకణాలను ఒళ్లు తిప్పికొట్టే ప్రమాదం పెరుగుతుంది. ప్రొటీన్ పౌడర్ తిన్నందుకే వచ్చిందని ఆ కబడ్డీ పిల్లగాడి అమ్మ ముందు అనకండి. ఈ జబ్బుకు చాలామందిలో కారణమే దొరకదు.

ఆ తల్లి క్యాంపు రోజు చెట్టు కింద కూర్చుని ఒకటే అడిగింది: "కన్నదాన్ని, నాది కలవదా బిడ్డా?" పిల్లలకు హెచ్‌ఎల్‌ఏ తల్లిది సగం, తండ్రిది సగం వస్తుంది. తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం. ఆమెకు ఇంకో బిడ్డ లేడు. సగం మ్యాచ్‌తో చేసే మార్పిడి కూడా ఉందని, డాక్టర్లు అదీ చూస్తున్నారని చెప్పి, కాసేపు పక్కనే కూర్చున్నా.

ఒకటి మాత్రం ముందే అనుకుని రండి. మీ స్వాబ్ ఈ పిల్లగాడికే కలవాలని లేదు. ఎన్నేళ్లకో ముక్కూమొహం తెలియని మనిషి కోసం ఫోన్ రావచ్చు.

వచ్చే ఆదివారం కాజీపేటలో కూర్చుంటున్నాం. 18 నుంచి 50 ఏళ్లలోపు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రండి. మీ అవ్వను కూడా తోలుకొని రండి, ఆమెతోనే ముందు మాట్లాడతా.