నాలుగు గంటల ఆటలో మూడు నిమిషాలు

హనుమకొండ

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్ళకు తాత ఆశీస్సులు.

హైదరాబాద్‌లో గోల్ఫ్ నేర్చుకుంటున్న మీరు పోయిన ఆదివారం ఫోనులో ఒక ప్రశ్న అడిగారు. "తాతా, ఒక్కోరోజు బంతి మేము అనుకున్న చోటికే పోతుంది, ఎట్లా కొట్టామో కూడా గుర్తుండదు. మరునాడు అదే చేయి, చేతిలో అదే క్లబ్ కర్ర, కాని ఒక్కటీ సరిగా తగలదు. కోచ్ సారు దాన్ని జోన్ అంటారు. కావాలన్నప్పుడు ఆ జోన్‌లోకి పోవడం ఎట్లా?" అన్నారు. ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు గనుక తీరికగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. పద్దెనిమిది హోల్స్, అంటే పద్దెనిమిది గుంటల్లో వరుసగా బంతి వేసే పూర్తి ఆట, ఆడటానికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. పార్ 72 ఉన్న, అంటే మంచి ఆటగాడు 72 దెబ్బల్లో ముగించవలసిన మైదానంలో సరిగ్గా 72 దెబ్బలు కొట్టే ఆటగాడు, ఒక్కో దెబ్బకు రెండు సెకన్లు వేసుకున్నా, నిజంగా ఆడేది 144 సెకన్లే. నాలాగా వంద కొట్టేవాడికి మూడు నిమిషాల పైచిలుకు అవుతుంది. మిగిలిన సమయమంతా నడక, ఎదురుచూపు, ఆలోచన. కబడ్డీలో మనిషి మీదికి వస్తాడు, క్రికెట్‌లో బంతి మీదికి వస్తుంది, అక్కడ భయపడటానికి తీరిక దొరకదు. చిన్నప్పుడు మేము ఆడిన చిర్రగోనెలో కూడా చిర్ర గాలిలోకి లేచిందంటే కొట్టడమే తప్ప ఆలోచించడానికి వ్యవధి లేదు. గోల్ఫ్ బంతి మాత్రం గడ్డి మీద కదలకుండా కూర్చుని, మీరు ఎప్పుడు కొడతారా అని మిమ్మల్నే చూస్తూ ఉంటుంది. ఈ ఆటలోని కష్టమంతా అందులోనే ఉంది.

పక్షి కన్ను తప్ప మరేమీ కనబడలేదన్న అర్జునుడి కథ మీకు ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. కథ గొప్పదే కాని గోల్ఫ్‌కు సగమే పనికొస్తుంది. అర్జునుడు ఒక్క బాణం వేసి విల్లు దించాడు. అదే చూపును పట్టుకొని ఎండలో నాలుగు గంటలు, ఆరేడు కిలోమీటర్లు నడవమంటే ఆయనకైనా తల తిరిగేది. జోన్‌ను పొద్దున పట్టుకొని ఆట ముగిసేదాకా విడవకుండా మోయాలని చాలామంది అనుకుంటారు, నేనూ చాలా ఏళ్ళు అట్లాగే అనుకున్నాను. బావిలో చేద వేసినట్లు, ప్రతి దెబ్బకు ఒకసారి లోపలికి దిగి, నీళ్ళు తోడుకొని, పైకి వచ్చి చేదను గట్టు మీద పెట్టాలని తెలిసేసరికి నాకు నలభై దాటాయి.

ఇక ఆ రెండు సెకన్లలో ఏం జరుగుతుందో చూద్దాం. పైకి లేచిన క్లబ్ కిందికి దిగి బంతిని తాకడానికి సెకనులో నాలుగో వంతు, కొంచెం అటూ ఇటూగా, పడుతుంది. తాకిన తరువాత రెండూ అంటిపెట్టుకొని ఉండేది సెకనులో సుమారు రెండు వేలో వంతు. కంటికి కనబడినదానికి చేయి బదులివ్వడానికే సెకనులో ఐదో వంతు కావాలి. అంటే క్లబ్ దిగడం మొదలైన తరువాత మణికట్టు పక్కకు తిరిగిందని మనసు పసిగట్టి, దాన్ని సరిచేయమని చేతికి చెప్పేసరికి బంతి వెళ్ళిపోయి ఉంటుంది. దిద్దుకునే వ్యవధి లేని చోట దిద్దబోతే చేయి బిగుసుకుంటుంది, మంచి స్వింగ్ కూడా చెడుతుంది.

ఈ సంగతి నేను మొదట చూసింది గోల్ఫ్ మైదానంలో కాదు, మా ఇంట్లోనే. మా బాపు వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవారు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దరీలు అవే. ఆయన మగ్గం ముందు కూర్చుంటే చేతులు పేకను పడుగులో నుంచి దాటిస్తూ ఉండేవి, కాళ్ళు వంతులవారీగా కింది కర్రలను తొక్కుతూ ఉండేవి, కళ్ళు మాత్రం అప్పుడే నేసిన రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ మీద నిలిచి ఉండేవి. పక్కింటి మగ్గం చప్పుడు, వీధిలో ఐసు బండి గంట, నేను పెట్టే రొద ఏవీ ఆయనకు అడ్డం వచ్చేవి కావు. గోల్ఫ్ క్లబ్బుల్లో ఎవరైనా దగ్గితే చాలు ముఖం చిట్లించే పెద్దమనుషులను చూసినప్పుడల్లా నాకు ఆ మగ్గాల వీధి గుర్తుకొస్తుంది. తొమ్మిదేళ్ళప్పుడు ఒకనాడు నేను, "బాపూ, ఏ కాలు ఎప్పుడు తొక్కాల్నో నీకెట్లా తెలుస్తది?" అని అడిగాను. చెబుదామని ఆయన తన కాళ్ళ వైపు చూశారు. నాలుగు వరుసలు దాటకముందే కాలు తప్పింది, పేకను మోసే నాడె పడుగులో చిక్కుకుంది, రెండు పోగులు తెగాయి. తెగిన కొసలను వేలి మొనలతో మెలిపెట్టి అతుకుతూ, "అడుగకు బిడ్డా, అడిగితే తెల్వది" అన్నారు.

ఆ మాటలోని నిజం 2002లో అచ్చయిన ఒక ప్రయోగంలో, అదీ గోల్ఫ్ మీదే, కనబడింది. సియాన్ బైలాక్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఆరితేరిన ఆటగాళ్ళ చేత దగ్గరి గురికి పట్‌లు కొట్టించారు. పట్ అంటే గుంట చుట్టూ గడ్డిని నున్నగా కత్తిరించిన గ్రీన్ మీద బంతిని దొర్లించే మెల్లని దెబ్బ అని మీకు తెలుసు. ఒకసారి తమ స్వింగ్‌నే గమనిస్తూ, క్లబ్ ఆగిన క్షణాన నోటితో చెప్పమన్నారు. మరొకసారి పక్క నుంచి వినబడే శబ్దాలను వింటూ, ఫలానా శబ్దం వచ్చినప్పుడు చెప్పమన్నారు. మనసు శబ్దాల మీద ఉన్నప్పుడే వాళ్ళు మెరుగ్గా కొట్టారు, సొంత చేతిని కాపలా కాసినప్పుడు గురి తప్పింది. తరువాత చేసిన మరో పట్ ప్రయోగంలో, కొత్తగా నేర్చుకునేవాళ్ళ విషయంలో మాత్రం ఇది తలకిందులైంది, వాళ్ళకు చేతి మీద దృష్టి పెట్టడమే మేలు చేసింది. అందుకే మీలో ఇంకా ఆరు నెలలు నిండనివాళ్ళు జోన్ కోసం వెదకవద్దని నా సలహా. మీరు పట్టును, నిలబడే తీరును, భుజాలు తిరిగే తీరును చూసుకుంటూ నేర్చుకోవలసిన రోజులివి. పెద్దదానివి, నాలుగేళ్ళుగా ఆడుతున్నదానివి, నువ్వు మాత్రం మైదానంలో చేతులను చూసుకోవడం మానేయాలి. తప్పులు దిద్దుకోవడానికి ప్రాక్టీసు స్థలం ఉంది.

నా సొంత కథ ఒకటి చెబుతాను. వరంగల్‌లోని రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి సైన్యంలో చేరాక, ఒక కంటోన్మెంట్‌లో గోల్ఫ్ నేర్చుకున్నాను. అక్కడ జరిగిన ఒక పోటీలో మూడో హోల్ దగ్గర గ్రీన్ మీద ఇంకా మంచు ఆరలేదు. నేను కొట్టిన బంతి దొర్లిన దారి తెల్లని మంచులో నల్లటి గీతలా పడుతూ పోయి, 108 మిల్లీమీటర్ల గుంట అంచున ఆగిపోయినట్లే ఆగి లోపల పడింది. గీతను ముందే ఎవరో గీసి పెట్టగా నేను బంతిని దాని వెంట సాగనంపినట్లు అనిపించింది. అక్కడి నుంచి పద్నాలుగో హోల్ దాకా ఎన్ని కొట్టానో లెక్క పెట్టలేదు. అప్పుడు నాతో ఆడుతున్న ఒక పెద్దమనిషి, మంచి ఉద్దేశంతోనే, "ఇట్లాగే ఆడితే ఈసారి కప్పు నీదే" అన్నాడు. నేను జేబులోని స్కోరు కార్డు తీసి మొత్తం కూడాను. పదిహేనో హోల్‌లో నీళ్ళు దాటించవలసిన దెబ్బ దగ్గర నిలబడినప్పుడు నాకు బంతి కనబడలేదు, కప్పు కనబడింది, దాన్ని మీ నాయనమ్మకు ఎట్లా చూపించాలో కూడా తోచింది. బంతి నీళ్ళలో పడింది. రెండోదీ పడింది. నాలుగుతో ముగించవలసిన ఆ హోల్‌ను తొమ్మిదితో ముగించాను. నా సంగతి ఎంత! 2011 మాస్టర్స్ పోటీలో నాలుగు దెబ్బల ఆధిక్యంతో చివరి రోజు ఆట మొదలుపెట్టిన రోరీ మెకిల్‌రాయ్ ఆ రోజు 80 కొట్టి పోగొట్టుకున్నాడు. అదే మనిషి రెండు నెలలకు అమెరికా ఓపెన్‌ను ఎనిమిది దెబ్బల తేడాతో గెలిచాడు.

మరి ఏం చేయాలి? స్వీడన్ కోచ్ పియా నిల్సన్, ఆమె సహచరి లిన్ మారియట్ చెప్పే పద్ధతి నాకు అన్నిటికన్నా నచ్చింది. బంతికి వెనుక నేల మీద ఒక గీత ఉన్నట్లు ఊహించుకోవాలి. గీతకు ఇవతల ఉన్నంతసేపు ఆలోచించవచ్చు. గాలి ఎటు వీస్తున్నది, దూరం ఎంత, ఏ క్లబ్ తీయాలి, బంతి ఎక్కడ పడాలి అన్నవన్నీ అక్కడే తేల్చుకోవాలి. గురి చిన్నదిగా ఉండాలి, "ఆ చెట్ల వైపు" అంటే చాలదు, చెట్టులో ఒక కొమ్మను ఎంచుకోండి. నిర్ణయం అయ్యాక, తీసుకున్న ఊపిరి కన్నా మెల్లగా ఊపిరి వదిలి గీత దాటాలి. దాటిన తరువాత లెక్కలు లేవు. అక్కడ సందేహం వస్తే మొండిగా కొట్టవద్దు, సిగ్గుపడకుండా వెనక్కి వచ్చి మళ్ళీ మొదలుపెట్టండి. నిల్సన్ వద్ద తర్ఫీదు పొందిన ఆనికా సోరెన్‌స్టామ్ 2001లో ఒక రౌండును 59 దెబ్బల్లో ముగించింది.

గీత దాటాక మనసుకు ఏదో ఒక పని లేకపోతే అది మళ్ళీ చేతుల మీదికే పోతుంది. ఆ పని కంటికి అప్పగించండి. జోన్ వికర్స్ అనే శాస్త్రవేత్త 1992లో గోల్ఫర్ల చూపు ఎక్కడ ఆగుతుందో కొలిచి, పట్ బాగా కొట్టేవాళ్ళు దెబ్బకు ముందు బంతి మీది ఒకే చోట చూపును రెండు సెకన్లకు అటూ ఇటూగా నిలుపుతారనీ, బంతి వెళ్ళిపోయాక కూడా కాసేపు అక్కడే ఉంచుతారనీ, అంతగా రానివాళ్ళ చూపు బంతికీ గుంటకూ క్లబ్‌కూ మధ్య గెంతుతుందనీ గుర్తించింది. బంతి మీద ఒక చుక్కనో, అక్షరంలో ఒక మూలనో ఎంచుకొని చూడండి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మన అదితి అశోక్ దూరం కొట్టడంలో చాలామంది కన్నా వెనుకబడి ఉండి కూడా, పట్‌ల బలంతోనే ఒక్క దెబ్బ తేడాలో పతకం తప్పి నాలుగో స్థానంలో నిలిచింది.

బంతి ఆగింది. ఇక చేద గట్టు మీద పెట్టండి. బాగా పడితే పది అడుగులు సంతోషించండి, బాగా పడకపోతే పది అడుగులు తిట్టుకోండి, పదకొండో అడుగుకు వేరే మాట ఎత్తండి. నీళ్ళు తాగండి, పల్లీలు తినండి, క్లబ్బులు మోసే క్యాడీని వాళ్ళ ఊరి సంగతులు అడగండి. స్కోరును పక్కవాళ్ళను రాయమనండి.

ఇంత చేసినా జోన్ రాని రోజులు ఉంటాయి, వచ్చే రోజుల కన్నా అవే ఎక్కువ. ఈ తన్మయ స్థితి మీద 1970ల నుంచి పరిశోధించిన మిహాయ్ చీక్‌సెంట్‌మిహాయ్ ఒక మాట తేల్చాడు. పని మన నేర్పుకు మించితే కంగారు పుడుతుంది, నేర్పు కన్నా బాగా తక్కువైతే విసుగు పుడుతుంది, రెండూ ఇంచుమించు సరితూగిన చోటే మనిషి మునిగిపోతాడు. గోల్ఫ్‌లో తక్కువ నేర్పున్నవాళ్ళ స్కోరు నుంచి కొన్ని దెబ్బలు తగ్గించే హ్యాండిక్యాప్ అనే ఏర్పాటు ఉన్నది కనుక పన్నెండేళ్ళ మనుమడు డెబ్బై ఏళ్ళ తాతతో సరిసమానంగా పోటీ పడవచ్చు, ఇట్లాంటి వసతి నాకు తెలిసిన ఆటల్లో అరుదు. మీకు వెనుక ఉన్న టీ, అంటే హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు, నుంచి కొట్టడం భారంగా ఉంటే ముందున్న టీ నుంచి ఆడండి, చిన్నతనమేమీ లేదు.

బతుకమ్మ సెలవులకు వచ్చేటప్పుడు పట్ కొట్టే పటర్ ఒక్కటి బ్యాగులో పెట్టుకొని రండి. పెరట్లో జామచెట్టు కింద నేల చదును చేసి, ప్లంబరు వదిలేసిన గొట్టపు ముక్కను పాతి గుంట చేయించాను. ఒక్కొక్కరు ఇరవై బంతులు మణికట్టును చూసుకుంటూ కొట్టాలి, ఇంకో ఇరవై నేను చదివే కూరగాయల పేర్లు వింటూ, బీరకాయ వచ్చినప్పుడల్లా చేయి ఆపకుండా నోటితో చెబుతూ కొట్టాలి. ఎన్ని పడ్డాయో మీ నాయనమ్మ పాలలెక్క పుస్తకం వెనుక పేజీలో రాస్తానన్నది.

మీ తాత